వజూఖానా మోటారు

ఎర్ర కారు కింద వెల్లకిలా పడుకుని నోవహు స్టీరింగు పైపు నట్టును ఆఖరి చుట్టు తిప్పి, ముఖం పక్కకు జరుపుకున్నాడు. ఎప్పటిలాగే ఒక్క రవ్వ ఆలస్యమైంది. ఎర్రటి నూనె మొదటి చుక్క ట్రేలో పడకుండా చెవి వెనక పడింది. అది అక్కడే పడుతుంది. పెళ్లయిన కొత్తలో దిండు గలీబులన్నీ ఎడమ పక్కనే ఎర్రబారి ఉండటం చూసి, అత్తగారు కూతుర్ని చాటుకు పిలిచి, అల్లుడుగారు తలకు గోరింటాకు పెడతారా అమ్మా అని అడిగింది. రాజ్యం నవ్వాపుకోలేక, తలకు కాదమ్మా, చెవికి పెడతారు అని చెప్పింది.

నూనె సన్నటి ధారగా ట్రేలోకి దిగుతోంది. నోవహు రెండు వేళ్లు ధారలో పెట్టి, వేళ్లు ఒకదానితో ఒకటి రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడు వాసన లేదు. ఇసుక లేదు. ఇంత శుభ్రమైన నూనెను ఎందుకు దించమన్నాడో షెడ్డు ఓనరు తారిఖ్‌కే తెలియాలి.

నోవహు అంటే ఓడ కట్టిన మహానుభావుడి పేరు. ఈ నోవహుకు మాత్రం నీళ్లంటే జడుపు. చర్చివాళ్లంతా హుస్సేన్‌సాగర్‌లో బోటెక్కిన రోజున ఒడ్డున కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాశాడు. పొడుగాటి మనిషి. కారు కింద దూరితే మోకాళ్ల దాకా బయటే ఉంటాయి. దారినపోయే కుక్కలు ఆ కాళ్లను ఏదో స్తంభం అనుకుని దగ్గరికొస్తాయి కూడా. చేతివేళ్లు మాత్రం సన్నం. ఎవరి చెయ్యీ దూరని సందులో ఆయన చెయ్యి దూరి, కళ్లు చూడని నట్టును వేలికొసతో చూసి వస్తుంది. ఎనిమిదో క్లాసు రెండుసార్లు తప్పాక, రైల్వే కలాసీగా పనిచేసే నాన్న చెవి పట్టుకుని తీసుకొచ్చి మెకానిక్కు అల్లాబక్ష్‌కు అప్పగించాడు. అప్పటి నుంచి మెట్టుగూడ పట్టాల పక్కనున్న ఈ సందు దాటి ఆయన బతుకు ఎక్కడికీ పోలేదు. పోవాలని ఆయనకూ అనిపించలేదు.

అల్లాబక్ష్ పోయాక షెడ్డు కొడుకు తారిఖ్‌ది అయింది. తారిఖ్ నోవహు కంటే చిన్నవాడు, బొద్దుగా ఉంటాడు, గడ్డానికి మెహందీ, రెండు జేబుల్లో రెండు ఫోన్లు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పానాతో తన్నులు తిన్నారు. ఒకడు తప్పు చేస్తే ఇద్దరికీ వేయడం అల్లాబక్ష్ పద్ధతి. ఎవడిదని విచారించే ఓపిక ఆయనకు ఉండేది కాదు.

ఈ నూనె స్టీరింగు సంగతి చెప్పాలంటే, అది పాత బర్రెలాంటిది. ఇంజను తిరుగుతుంటే బెల్టు పంపును తిప్పుతుంది, పంపు నూనెను తోస్తుంది, నూనె డ్రైవరు చేతికి సాయం పడుతుంది. అందులో గాలి జొరబడితే మాత్రం మలుపు మలుపుకూ మూలుగుతుంది. ఆ గాలిని తీయడం ఒక్కడి వల్ల కాదు. ఒకడు లోపల కూర్చుని చక్రాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతుండాలి. ఇంకొకడు బానెట్టు కింద నూనె డబ్బాలోకి చూస్తూ, బుడగలు ఎప్పుడు ఆగాయో చెప్పాలి. తారిఖ్ తిప్పేవాడు, నోవహు చూసేవాడు. ఆ తిప్పడంలోనూ ఆ చూడటంలోనూ ఇద్దరి పెళ్లి సంబంధాలు, అల్లాబక్ష్ జబ్బు, నోవహు కూతురు ఫెయిత్ నర్సింగు సీటు, తారిఖ్ వాళ్లమ్మ చాంద్‌బీ కంటి ఆపరేషను, అన్నీ మాట్లాడుకున్నారు. లోపలివాడికి బయటివాడి ముఖం కనపడదు. అందుకేనేమో, ఎదురెదురుగా అనలేని మాటలు కూడా అక్కడ వచ్చేవి. బుడగలు ఆగిపోయినా ఒక్కోసారి నోవహు చెప్పేవాడు కాదు. తారిఖ్ చేతులు పడిపోయేదాకా తిప్పించి, చివరికి మెల్లగా తల పైకెత్తి, అది అయిపోయి చాలాసేపయింది కదా అనేవాడు. తారిఖ్ చేతికేది దొరికితే అది విసిరేవాడు.

ఇప్పటి కార్లలో ఆ నూనె లేదు. చక్రం కింద చిన్న కరెంటు మోటారు, దానికో బుర్ర పెట్టె, అంతే. బెల్టు లేదు, పంపు లేదు, చెవి వెనక చుక్క లేదు. నోవహు బెంచికి వచ్చే బళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. ఆయనకు దిగులు లేకపోలేదు. కానీ అల్లాబక్ష్‌ను మట్టి చేసి వచ్చిన రోజున తారిఖ్ ఈ షెడ్డు గుమ్మంలోనే ఆయన భుజం మీద తల పెట్టి ఏడుస్తూ, సికింద్రాబాద్‌లో ఆఖరి నూనె స్టీరింగు బండి ఉన్నంతకాలం నీ బెంచి ఇక్కడే ఉంటుందన్నా అన్నాడు. ఆ మాట చాలు అనుకున్నాడు నోవహు. పొద్దున లేచాక చేరుకోవడానికి ఒక చోటు, అక్కడ చక్రం తిప్పే మనిషి ఒకడు. అంతకంటే ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఈ ఎర్ర కారంటే ఆయనకు కొంచెం ముద్దు. రెండే సీట్లు, నేలకు కరుచుకుని ఉంటుంది, ఎక్కాలంటే చాప మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. పద్మారావు నగర్‌లో పళ్ల డాక్టరు నీహారికది. ఆదివారాలు రేసు ట్రాకు మీద తిప్పుతుంది. కొన్నప్పుడు దీని స్టీరింగు మూలుగుతుంటే నోవహే విప్పి, కడిగి, కొత్త రబ్బర్లు వేసి, వెన్నలా చేసి పంపాడు. ఈ పొద్దున తారిఖ్, పైపులూ పంపూ దించన్నా, మేడమ్‌కు ఓవరాలింగు కావాలంట అని చెప్పి, ఫోను చెవికి పెట్టుకుని అటు తిరిగాడు. ముఖం చూసి చెప్పకపోవడం నోవహు గమనించాడు గానీ, ఫోనులో ఎవరో అప్పులోళ్లు అయి ఉంటారనుకున్నాడు.

నూనె మొత్తం దిగాక, చక్రం నట్ల పానా కోసం డిక్కీ తెరిచాడు. స్టెప్నీ పక్కన ఏదో దుప్పటిలో చుట్టి ఉంది. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా పెట్టారు. మెకానిక్కుకు మూటగట్టిన ఇనుము కనబడితే చెయ్యి ఆగదు. విప్పాడు.

కొత్త స్టీరింగు కడ్డీ. దాని పక్కన కొబ్బరిబొండమంత నల్ల మోటారు. ఆ రెంటినీ కలిపి పట్టుకుని ఒక ఇనుప బ్రాకెట్టు.

నోవహు ఆ బ్రాకెట్టు అంచు మీద బొటనవేలు నడిపించాడు. వెల్డింగు గింజలు గింజలుగా, జొన్నకంకిలా వరసగా ఉంది. మూలలు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. నాలుగు బెజ్జాల్లో నాలుగు రబ్బరు వాషర్లు. వేరేవాళ్ల పని చూసి అది ఎవరిదో పోల్చుకోవడానికి కాస్త టైము పడుతుంది. తన పనికి పట్టదు.

రంజాన్ ముందు సంగతి అది. ఒక సాయంత్రం తారిఖ్ బెంచి దగ్గరికొచ్చి నిలబడి, కాళ్లు మార్చుకుంటూ, మసీదు మాట ఎత్తాడు. వజూఖానాలో, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోట, నీళ్లెక్కించే చిన్న మోటారు ఒకటి పెడుతున్నారట. గోడకు బిగిస్తే అదిరి అదిరి చప్పుడు చేస్తోందట. లోపల నమాజు చేసేవాళ్లకు తక్లీఫ్ అవుతోందట. రెండు బ్రాకెట్లు చేయించినా ఆగలేదట. నీ చెయ్యి పడితేనే ఆగుతుందన్నా అన్నాడు తారిఖ్.

ఆ షెడ్డులో దేవుడి ఇంటి పనికి ఒక పద్ధతి ఉంది. అల్లాబక్ష్ పెట్టింది. చర్చిదైనా మసీదుదైనా పైసా మాట ఎత్తకూడదు. స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని చేయాలి. ఎందుకు, ఎలా అని ఎదురు ప్రశ్నలు వేయకూడదు. నోవహు వాళ్ల చర్చి గేటు కుంగినప్పుడు తారిఖే శుక్రవారం కొత్త లాల్చీతో వచ్చి వెల్డింగు పెట్టి, నిప్పురవ్వలు పడి లాల్చీకి చిల్లులు పడితే, పరలోకంలో నాకు గాలి ఆడుతుందిలే అన్నాడు. కాబట్టి నోవహు ఏమీ అడగలేదు. కొలతల కాగితంలో ఒక మూల మరీ ఏటవాలుగా ఉంటే మాత్రం, ఇదేం గోడ తారిఖ్, కల్లు తాగి కట్టిండ్రా అన్నాడు. పాత గోడ అన్నా, వంకరపోయింది అన్నాడు తారిఖ్.

నోవహు పొద్దున్నే తలస్నానం చేసి, ఈస్టరు చొక్కా వేసుకుని పనికి కూర్చున్నాడు. ఒక్క అదురు కూడా బయటికి పోకూడదని రబ్బరు వాషర్లు సొంతంగా కోసి పెట్టాడు. తన పని మీద ఎప్పుడూ కొట్టే గుర్తు, సుత్తితో ఒక చిన్న చుక్క, దీని మీద కొట్టలేదు. దేవుడి ఇంట్లో మన గుర్తెందుకని. అది చాలక, బుధవారం ప్రార్థన కూటంలో లేచి నిలబడి, మా అన్నదమ్ముల మసీదులో ఒక మోటారు చప్పుడు చేయకుండా నడవాలని ప్రార్థించండి అని అడిగాడు. పాస్టరు శాంతికుమార్‌గారు ఒక క్షణం తటపటాయించి, కళ్లు మూసుకుని, ఆ మోటారును ప్రభువుకు అప్పగించారు.

ఆ మోటారు ఇదిగో, ఎర్ర కారు డిక్కీలో దుప్పటి కప్పుకుని పడుకుంది.

నోవహుకు మొదట వచ్చింది నవ్వు. డిక్కీ మూత కింద తల పెట్టి, భుజాలు అదిరేలా నవ్వుకున్నాడు. ఓరి తారిఖ్, ఇంత పెద్దది వేశావా అనుకున్నాడు. వాళ్లిద్దరి వేళాకోళాలకు చరిత్ర ఉంది. బిషప్పుగారు షెడ్డుకు వస్తున్నారని చెప్పి తారిఖ్ ఒకసారి నోవహుతో రోజంతా టై కట్టించి పని చేయించాడు. నోవహు ఇఫ్తారు పొట్లంలో ఇటుక ముక్క పెట్టి, పైన పుదీనా ఆకు అలంకరించాడు. అన్నిటికంటే పెద్దది, తారిఖ్ బొల్లారం వెళ్లి మిలిటరీలో చేరిపోయాడని చాంద్‌బీకి నోవహు చెప్పడం. ఆ తల్లి బురఖా సర్దుకుంటూ కంటోన్మెంటు గేటు దగ్గరికి పోయి, కాపలా జవాను కాళ్ల మీద పడింది. ఆ రోజే అల్లాబక్ష్ ఇద్దర్నీ నిలబెట్టి రూలు పెట్టాడు. మజాక్ ఎంత పెద్దదైనా చెయ్యండి, సాయంత్రం చాయ్ దగ్గర మాత్రం విప్పెయ్యాలి. చాయ్ తాగినంక సుత ఇప్పకపోతే అది మజాక్ కాదురా, ఝూట్ అన్నాడు. ముసలాయన పోయినా ఆ రూలు పోలేదు.

నోవహు దుప్పటిని ఉన్నదున్నట్టు చుట్టేశాడు. చాయ్ దాకా ఆగుదాం అనుకున్నాడు. వాడే విప్పుతాడు. రంజాన్ నుంచి ఇప్పటిదాకా ఎన్ని చాయ్‌లు అయిపోయాయో అన్న లెక్క మనసు గడప దాకా వచ్చింది గానీ, లోపలికి రానివ్వలేదు.

మధ్యాహ్నం తారిఖ్ నమాజుకు వెళ్లినప్పుడు నీహారిక వచ్చింది. క్లినిక్కు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో మాస్కు వేలాడుతోంది. పెద్దవాళ్లను చూస్తే రెండు చేతులూ జోడించే పిల్ల. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రాలు పైకి లేచి ఉండటం చూసి ముఖం వెలిగిపోయింది.

"షురూ చేశారన్నమాట! ఆ బ్రాకెట్టు కోసమే ఇన్నాళ్లు ఆగింది అంకుల్. బెంగళూరులో రెండు చేయిస్తే రెండూ ఊగిపోయాయి. చివరికి తారిఖ్‌గారే తన చేత్తో చేశారట కదా."

నోవహు చేతిలోని గుడ్డను మడిచాడు. మళ్లీ విప్పాడు.

ఆ పిల్ల మాటల ధోరణిలో ఇంకా చాలా చెప్పింది. ట్రాకు మీద వరస మలుపుల్లో నూనె వేడెక్కి చక్రం బిగుసుకుపోతోందట. మోటారయితే ఆ గొడవ లేదట. బొల్లారంలో తారిఖ్‌గారు తీసుకున్న కొత్త షెడ్డులో ఇక అన్నీ ఇలాంటి కరెంటు పనులేనట, తన రేసు స్నేహితులంతా బళ్లు పంపుతామన్నారట. వచ్చే వారం ఓపెనింగట. ఆమె గొంతులో కల్మషం లేదు. అందరికీ తెలిసిన శుభవార్త ఇంటి పెద్దమనిషితో పంచుకున్నట్టు చెప్పింది.

"మీరూ రావాలి అంకుల్. రిటైరైపోతున్నాను కదా, నాకెందుకు అనుకోకండి. మిమ్మల్ని చూడకపోతే తారిఖ్‌గారు కూడా బాధపడతారు."

తను రిటైరవుతున్న సంగతి నోవహుకు పళ్ల డాక్టరు నోట తెలిసింది. పన్ను పీకేటప్పుడు కూడా ముందు సూది వేస్తారు. ఆయన తలూపాడు.

"అవునమ్మా. తారిఖ్ చేతి పని మంచిగుంటది."

ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియదు. చిన్నప్పటి నుంచీ ఒకడు తప్పు చేస్తే ఇద్దరూ మోయడం అలవాటు. ఆ పిల్ల సంతోషంగా చేతులు జోడించి వెళ్లిపోయింది.

రాజ్యం కట్టిన గోంగూర అన్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని మూసేశాడు. కూర్చుని ఆలోచించాడు. ఆశ ఉందే, అది సిగ్గులేనిది. డాక్టరమ్మను కూడా ఈ మజాక్‌లో కలుపుకుని ఉంటాడా అని అడిగింది. కలుపుకునే ఉంటాడు అని తనే జవాబు చెప్పుకుంది. బొల్లారం షెడ్డు, ఓపెనింగు, రిటైర్మెంటు, అంతా కట్టుకథ, సాయంత్రం చాయ్ గ్లాసు చేతికిచ్చి పడీపడీ నవ్వుతాడు అంది. నోవహు ఆ మాటను పట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాడు.

తారిఖ్ నమాజు నుంచి వచ్చి, డిక్కీలోంచి మూట తీసుకుని, ఛాతీకి అదుముకుని కారు లోపల దూరాడు. అద్దానికి దుప్పటి వేలాడదీశాడు. ఎండ పడుతోందన్నా, వైరింగు కనబడట్లేదు అన్నాడు. ఎండ షెడ్డు అవతలి గోడ మీద ఉంది. నోవహు కారు కింద పడుకుని పైపులు విప్పుతుంటే, పైన పానా కరకర వినిపిస్తోంది. ఏ బోల్టు ఏ బెజ్జంలోకి దిగుతోందో ఆయనకు తెలుస్తూనే ఉంది. రబ్బరు వాషరున్న చోట చప్పుడు మెత్తగా ఉంటుంది. మెత్తగానే వచ్చింది, నాలుగుసార్లూ. ఇద్దరి మధ్యా ఒక్క ఇనుప రేకే అడ్డం. మామూలుగా అయితే ఈపాటికి కిందివాడు పైవాణ్ణి నాలుగు తిట్టి, పైవాడు కింద కాళ్ల మీద ఏదో ఒకటి జారవిడిచేవాడు.

అసర్ నమాజు అయ్యాక ఇరానీ హోటలు నుంచి చాయ్ వచ్చింది. గోడవారగా పాత అంబాసిడరు సీటు ఒకటి ఉంది. ఇద్దరూ అక్కడే కూర్చుంటారు. తారిఖ్ కూర్చున్న వైపు బాగా కుంగి, నోవహు ఎప్పుడూ అటు జారుతుంటాడు. ఈ రోజు కొంచెం ఇవతలికి జరిగి, చేతి ఆసరా పట్టుకుని కూర్చున్నాడు. తారిఖ్ ఉస్మానియా బిస్కెట్టు ముంచి తిన్నాడు. ఎండ గురించి మాట్లాడాడు. ఆలుగడ్డ బావి బ్రిడ్జి కింద ట్రాఫిక్కు గురించి మాట్లాడాడు. నోవహు అతని పెదవుల కొసలు చూస్తున్నాడు. మజాక్ విప్పేముందు తారిఖ్‌కు అక్కడ ఒక చిన్న వణుకు వస్తుంది, ఆపుకోలేడు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాడు ఆ వణుకును.

అది రాలేదు. చాయ్ సగమైంది. నోవహు తనే దారి వేశాడు.

"తారిఖ్, ఆ వజూఖానా మోటారు ఎట్లున్నది? ఊగుతలేదు గద?"

తారిఖ్ బిస్కెట్టు చాయ్‌లో విరిగి మునిగిపోయింది. అతను గ్లాసులోకి చూశాడు. తర్వాత తల ఎత్తాడు. చాలా మామూలుగా ఎత్తాడు. మొహమాటం లేదు, తడబాటు లేదు.

"మస్తుగున్నదన్నా. జెర సుత సప్పుడు లేదు. ఇమామ్ సాబ్ నీ పేరు అడిగి, దువా చేసిండు నీకోసం."

అడగని అబద్ధం అది. ఊగట్లేదు అని ఊరుకుంటే సరిపోయేది. ఇమాము, దువా, ఇవన్నీ నోవహు అడగలేదు. పనోడు మంచి కొలతల మీద ఇంకాస్త నునుపు చేసినట్టు, తారిఖ్ ఆ అబద్ధానికి మూలలు గుండ్రంగా అరగదీసి ఇచ్చాడు.

నోవహు మిగిలిన చాయ్ తాగాడు. చల్లారిపోయింది, అయినా అడుగు దాకా తాగాడు. గ్లాసు సీటు కింద పెట్టలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. హోటలువాడు వచ్చి ఖాళీ గ్లాసులు తీసుకుపోయాడు.

పంపు దించేద్దామా అన్నా, ఓవరాలింగుకు పంపాలె అన్నాడు తారిఖ్ లేస్తూ. నోవహు కూడా లేచాడు. బానెట్టు ఎత్తి, బిగింపు బోల్టు వదులు చేసి, పంపు పుల్లీ మీది నుంచి బెల్టు తప్పించాడు. అది ఆయన వేసిన బెల్టే. తీసి, అటూ ఇటూ చూసి, చొక్కాలు తగిలించే మేకుకు వేశాడు. తర్వాత పంపు. తర్వాత నూనె డబ్బా. ఒక్కొక్కటీ తుడిచి బెంచి మీద వరసగా పెట్టాడు. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. మనిషికి ఏం జరిగినా చేతులకు చెప్పేవాళ్లు ఉండరు.

పొద్దు వాలుతుండగా తారిఖ్ లోపల కూర్చుని ఇంజను వేశాడు. ఫోనులో ఏదో నొక్కాడు. స్టీరింగు చక్రం దానంతటదే ఎడమకు తిరిగింది, ఆగింది, కుడికి తిరిగింది. ముందు చక్రాలు గాలిలో బుద్ధిగా అటూ ఇటూ తిరిగాయి. మూలుగు లేదు. అదురు లేదు. బ్రాకెట్టు మోటారును అలాగే పట్టుకుని ఉంది. ప్రార్థన ఎక్కడికి చేరాలో అక్కడికి చేరకపోయినా, పని మాత్రం చేస్తోంది.

నోవహు ఆ సరికే బానెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరూ నిలబడమనలేదు. ఇంజను వేసి చక్రం తిప్పితే ఆయన కాళ్లు అక్కడికే వస్తాయి. వంగి, నూనె డబ్బా ఉండే చోటికి చూశాడు. అక్కడ రెండు మరల బెజ్జాలు, వాటి చుట్టూ డబ్బా ఆకారంలో దుమ్ము పట్టని ఇనుము.

లోపలి నుంచి తారిఖ్ గొంతు వచ్చింది. ఫోను మీద కళ్లు పెట్టి, అలవాటు కొద్దీ, ఏమంటున్నాడో చూసుకోకుండా అన్నాడు.

"అయిందా అన్నా?"

"అయింది," అన్నాడు నోవహు.

కుళాయి దగ్గర సబ్బు రుద్దుకుంటుంటే తారిఖ్ వచ్చాడు. ముఖం కళకళలాడుతోంది. కష్టమైన పని మొదటిసారి కుదిరినప్పుడు ఎవరికైనా ఉండే కళే అది. నోవహు వేళ్ల మధ్య నురగను కడుక్కుంటూ, తల తిప్పకుండా చెప్పాడు.

"రేపటి సంది నేను రాను, తారిఖ్ సాబ్."

తారిఖ్ నవ్వాడు. "మజాకా అన్నా?"

"కాదు."

నవ్వు ముఖం మీద కాసేపు ఉండి, ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. షెడ్డు సంగతి నీకెవరు జెప్పిండ్రు అని అడిగాడు. అడిగాక తారిఖ్‌కే తెలిసింది, తను అడగాల్సింది అది కాదని. గొంతు తగ్గించాడు.

"నూనె అంటే నీకు పాణమన్నా. గీ పనికని చెప్తే నువ్వు చేయకపోతుంటివి. గందుకే గట్ల చెప్పిన. బొల్లారంల నీకేం పని ఉంటది, పరేషాన్ అయితవని..."

"చేయకపోతుంటినేమో. రెండు దినాలు నిన్ను తిట్టి, మూడో దినం చేస్తుంటినేమో. నాకు సుత తెల్వదు." నోవహు కుళాయి కట్టలేదు. నీళ్లు సన్నగా కారుతున్నాయి. "నువ్వు అడుగలే గదా. వజూఖానా అన్నవ్. నేను మా చర్చిల లేశి నిలవడి ప్రార్థన చేయించిన. గిప్పుడు ఆ యేసయ్యకు ఏమని జెప్పాలె?"

పక్క వీధి మసీదు నుంచి మగ్రిబ్ అజాన్ మొదలైంది. తారిఖ్ రోజూ ఈ వేళకు ఈ కుళాయి దగ్గరే వజూ చేసుకుని వెళ్తాడు. నోవహు ఎప్పటిలాగే పక్కకు జరిగి చోటిచ్చాడు. సబ్బు కూడా దగ్గరికి జరిపాడు. తారిఖ్ కారుతున్న నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. వంగలేదు, చేతులు చాచలేదు.

నోవహు ఉతికిన చొక్కా వేసుకుని, పని చొక్కాను మడిచి అన్నం డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. రాజ్యానికి ఏం చెప్పాలో అనుకున్నాడు. ఇక దిండు గలీబులు తెల్లగా ఉంటాయని చెబితే నవ్వుతుందేమో. ఎర్ర కారు పక్క నుంచి పోతూ దాని బానెట్టు మెల్లగా కిందికి దించి, చప్పుడు కాకుండా నొక్కి మూశాడు. సందు చివర రైలు పోతోంది. అది పోయేదాకా గేటు దగ్గర ఆగి, పట్టాలు దాటి, బస్టాపు వైపు నడిచాడు.

తారిఖ్ చాలాసేపటికి లైటు వేశాడు. చొక్కా లేని మేకుకు పంపు బెల్టు ఒక్కటే వేలాడుతోంది, నల్లగా, కోలగా, ఇంకా దేని చుట్టూనో తిరుగుతున్నట్టే అటూ ఇటూ వంపు తిరిగి.